జిద్దాకు ఎనిమిది గంటలు

బోధన్‌లో ఎవరు విమానం ఎక్కినా సరే, అది దిగేదాకా మజహర్ భాయ్ కింద కూర్చోడు.

ఆయనకున్నది ఈ ఒక్క అలవాటే. పాన్ నమలడు, బీడీ ముట్టడు, పేకాట జోలికి పోడు. నిలబడతాడు, అంతే. ఎక్కినవాడు చుట్టమే కానక్కర్లేదు. బస్టాండు ఎదురుగా ఉన్న ఆయన దుకాణంలో సూట్‌కేసుకు ఒక జిప్పు వేయించుకున్నా, అట్టపెట్టెకు పసుపుపచ్చ తాడు కట్టించుకున్నా చాలు. ఆ మనిషి శంషాబాద్‌లో విమానం ఎక్కాడని తెలిసిన నిమిషం నుంచి ఇక్కడ మజహర్ భాయ్ స్టూలు ఖాళీ. పోయినవాడు ఇంటికి ఫోన్ చేసి చేరానని చెబితేనే ఆ స్టూలుకు మళ్లీ మనిషి దిక్కు.

ఎందుకు నిలబడతావని అడిగితే ఆయన జవాబు ఒక్కటే. "మనిషి గాలిల ఉండంగ నేను కింద సుఖంగ ఎట్ల కూసుంట?"

కాలితో తొక్కే కుట్టుమిషను నిలబడి తొక్కడం మామూలు విషయం కాదు. మజహర్ భాయ్ ఒక కాలి మీద నిలబడి, రెండో కాలితో తొక్కుతూ, చెరువులో చేపకోసం చూసే కొంగలా వంగి జిప్పులు కుట్టేవాడు. ఆ కుట్టు కొంచెం వంకర పోయేది. బ్యాగు కుట్టు వంకర ఉంటే, ఆ రోజు ఎవరో గాలిలో ఉన్నారని బోధన్ జనం అర్థం చేసుకునేవారు. ఇక ఆయన ముడి సంగతి చెప్పనే అక్కర్లేదు. దారిలో ఊడిపోతుందేమోనని భయపడి వేసిన ముడి అది. దుబాయిలో ఆ ముడి విప్పడానికి అయిదుగురం కూర్చున్నామని, చివరికి పెట్టెనే కోశామని ఒకాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. మజహర్ భాయ్ దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

కూతురు హిబాను నిజామాబాద్‌లో ఇచ్చారు. ఆమె అత్తవారింట విందు రోజున, ఎడపల్లి మనిషెవరో దమ్మాం విమానంలో ఉన్నాడు. దస్తర్‌ఖాన్ గుడ్డ నేల మీద పరిచారు, అందరూ కూర్చున్నారు, పెళ్లికూతురి తండ్రి మాత్రం పళ్లెం చేత్తో పట్టుకొని గోడవార నిలబడ్డాడు. ఏం తక్కువ చేశామోనని వియ్యంకుడికి చెమటలు పట్టాయి. పిల్ల తండ్రి నిలబడి ఉండగా తను కూర్చోవడం మర్యాద కాదని ఆయనా లేచాడు. పెద్దాయన లేచాడని అన్నదమ్ములు లేచారు. చివరికి ఇంటిల్లిపాదీ నిలబడే బిర్యానీ తిన్నారు. కారణం తెలిశాక వియ్యంకుడు నవ్వాడు గానీ, ఆ తర్వాత ఎప్పుడు విందుకు పిలిచినా, ఆ రోజు విమానాలేమన్నా ఉన్నాయా అని ముందే అడగడం మొదలుపెట్టాడు.

ఈ ముచ్చట్లన్నీ బోధన్‌కు నవ్వులే. ఒక్క అంకితకు మాత్రం ఒళ్లు మండేది.

అంకిత మజహర్ భాయ్ పక్క షట్టర్‌లో టికెట్ల దుకాణం నడుపుతుంది. నిజామాబాద్‌లో డిగ్రీ చదివింది, లెక్కల్లో గట్టి పిల్ల. విమానం టికెట్ తీసి, బయలుదేరే టైము, చేరే టైము గీత గీసి మరీ చూపించి ఇస్తుంది. ఆ కాగితం పట్టుకొని జనం ఏం చేస్తారు? నేరుగా పక్క దుకాణానికి పోయి, భాయ్, ఎన్ని గంటలు పడుతుందని అడుగుతారు. పోనీ, ఆయన సరిగ్గా చెబుతాడా అంటే అదీ లేదు. దుబాయికి నాలుగు గంటలైతే ఆరంటాడు. జిద్దాకు ఆరు గంటలైతే ఎనిమిదంటాడు. ఎంత దూరమైనా రెండు గంటలు ఎక్కువ. ఇరవై ఏళ్లుగా గల్ఫ్ పెట్టెలు కడుతున్న మనిషికి ఈ మాత్రం తెలియదా అని అంకిత పళ్లు కొరికేది. ఊరు నమ్మేది మాత్రం ఆయన్నే.

ఆ నమ్మేవాళ్లలో ముందు నిలిచేది హన్మవ్వ. రెండు దుకాణాల ముందూ ఆమె చెరుకురసం బండి. మిషను చక్రానికి కట్టిన మువ్వలు పొద్దంతా మోగుతూనే ఉంటాయి. ఆమె భర్త బాపురావు కిందటి ఎండాకాలం డ్రైవర్ పని మీద మొదటిసారి దుబాయికి పోయాడు. టికెట్ తీసిన రోజు హన్మవ్వ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూసింది. పోయే విమానం పదింటికి లేచి పన్నెండున్నరకే దిగుతుందట. తిరిగొచ్చేది పదింటికే లేస్తుందట, మూడున్నరకు గానీ దిగదట.

"పోయేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు అయిదున్నరనా?" అన్నది హన్మవ్వ. "వచ్చేటప్పుడు చెర్కు లోడేమన్న ఏసుకొస్తదా అంకితమ్మ?"

అంకిత ఓపిగ్గా చెప్పింది. అక్కడి గడియారం మన గడియారం కన్నా గంటన్నర వెనుక నడుస్తుందని, కాగితం మీద ఎవరి ఊరి టైము వాళ్లదని, నిజానికి పోయినా వచ్చినా నాలుగు గంటలేనని. హన్మవ్వ అంతా విని, గంటన్నర వెనుక నడిచే గడియారం పెట్టుకున్న ఊర్లో పని టైముకు ఎట్లా చేస్తారని అడిగింది. అంకిత చేతులెత్తేసింది. హన్మవ్వ పక్క దుకాణం వైపు తిరిగింది.

"ఆరు గంటలు, చెల్లె," అన్నాడు మజహర్ భాయ్, దారం పళ్లతో తెంపుతూ. "ఆరు దాటినంక ఫోన్ రాకపోతే అప్పుడు సూద్దాం."

హన్మవ్వ ముఖం తేటపడింది. అంకిత ముఖం మాడిపోయింది.

బాపురావు విమానం పదింటికి లేచింది. ఆ రోజు అంకిత పంతం పట్టి, తన కుర్చీలోంచే ఆ ముసలాయన్ను కనిపెట్టి చూసింది. ఆయన లెక్క ప్రకారం నాలుగింటిదాకా దిగులు పడే పని లేదు. హన్మవ్వ అలాగే ఉంది. చెరుకు తోస్తోంది, మువ్వలు మోగుతున్నాయి, నిమ్మకాయ పిండుతోంది, చిల్లర ఇస్తోంది. మజహర్ భాయ్ కూడా రెండింటిదాకా బాగానే నిలబడ్డాడు. రెండు కాగానే మాత్రం మనిషి మారిపోయాడు. కట్టిన పెట్టె తాడు విప్పి మళ్లీ కట్టాడు. సూదిలో దారం మూడుసార్లు ఎక్కించబోయి, పక్కన పెట్టేశాడు. నీళ్లు తాగాడు, ఫోన్ తుడిచాడు, పడమటి ఆకాశం వైపు చూశాడు, మళ్లీ నీళ్లు తాగాడు. ఆయన పెదవులు దువా చదువుతున్నాయి. హన్మవ్వ తలెత్తి ఇటు చూసినప్పుడల్లా మాత్రం చటుక్కున ముఖాన నవ్వు పెట్టుకొని, ఇంకా మస్తు టైముందని చెయ్యి ఊపేవాడు.

నాలుగుకు పది నిమిషాలుందనగా హన్మవ్వ ఫోన్ మోగింది. బాపురావు చేరాడు. లైన్లో నిలబడి వేలిముద్రలు వేసి, పెట్టె కోసం కాచుకొని, కంపెనీ మనిషి ఫోన్ అడుక్కొని చేసేసరికి ఈ పొద్దయిందట. హన్మవ్వ బస్టాండంతా వినపడేలా మజహరన్న లెక్కంటే లెక్క అని చెప్పుకుంది. మజహర్ భాయ్ స్టూలు మీద కూలబడి, మోకాళ్లు పట్టుకున్నాడు.

అంకిత మళ్లీ లెక్క వేసుకుంది. నాలుగింటికి దిగుతుందని నమ్మే మనిషి రెండింటికే ఎందుకు వణికాడు? అసలు టైము ఈయనకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

ఆ సాయంత్రమే ఆమె ఆయన భార్య సకీనా దగ్గరికి పోయింది. సకీనా ఉప్పు కాపడానికి పెనం పెట్టి ఉంది, భర్త మోకాళ్ల కోసం. అంకిత అడిగింది విని ఆమె తలుపు దగ్గరికి వేసి, మెల్లగా చెప్పింది.

సకీనా తమ్ముడు ఫుర్ఖాన్ మొదటిసారి దమ్మాం పోయినప్పటి మాట అది. ఎన్ని గంటల్లో చేరతాడని సకీనా తల్లి అడిగితే, మజహర్ భాయ్ టికెట్లవాణ్ని కనుక్కొని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ టైము అయింది. ఫోన్ రాలేదు. పావుగంట చూసి ఆ తల్లి శోకం ఎత్తుకుంది. వాడకట్టంతా పోగైంది. ఎవరో పొయ్యి మీది గిన్నె దించారు, పరామర్శకు వచ్చేవాళ్లు కూర్చోవడానికి ఎవరో జంఖానాలు అడిగి తేవడానికి పోయారు. అక్కడ ఫుర్ఖాన్ నిక్షేపంగా లైన్లో నిలబడి ఉన్నాడు. తీరా వాడు ఫోన్ చేస్తే, ఎత్తిన మేనత్త వాడి గొంతు కూడా పోల్చుకోకుండా, ఫుర్ఖాన్ పోయాడు నాయనా, తర్వాత చెయ్యి అని పెట్టేసింది.

"గప్పటి సంది రెండు గంటలు కలిపి చెప్తడు," అన్నది సకీనా. "విమానం దిగుడు ఒకటి, ఫోన్ వచ్చుడు ఒకటి. నడిమిట్ల గా రెండు గంటలే మనుషులను తింటయి. ఇంటోళ్లకు అవి లేకుండ చేస్తడు. ఎవలో ఒకలు భయపడాలె కద, నేను పడ్త అంటడు."

ఇన్నాళ్లూ లెక్క రాదని తిట్టుకున్న మనిషిని తలుచుకుంటే అంకితకు సిగ్గేసింది. హన్మవ్వకు చెప్పవద్దని సకీనా ఒట్టు వేయించుకుంది.

చలికాలం వచ్చేసరికి సకీనాకే జిద్దా మీదుగా మక్కాకు ఉమ్రా ప్రయాణం కుదిరింది. చెల్లెలు ఫౌజియా, ఆమె మొగుడు పోతున్నారు, వాళ్లతో పాటు ఈమె. మజహర్ భాయ్‌ని కూడా రమ్మని అందరూ బతిమాలారు. విమానం గాలిలో ఉండగా కూర్చోనని ఆయన, కూర్చోబెట్టి బెల్టు కూడా కడతారని అంకిత. ఆ మాటతో ఆ ముచ్చట ముగిసింది. వచ్చే ఏడు చూద్దామన్నాడు.

ఇక సామాన్లు సర్దుడు. ఊరి పెట్టెలకు ఒక ముడి వేసే మనిషి పెళ్లాం పెట్టెకు మూడు వేశాడు. అదీ చాలక, ఆమె భుజాన వేసుకునే సంచిలో ఫోన్ పెట్టుకునే అర ఉంటే, తొక్కిసలాటలో ఫోన్ ఎక్కడ జారిపోతుందోనని దాని మూతిని మైనపు దారంతో రెండు వరసలు కుట్టేశాడు. ఫోన్ లోపల భద్రంగా ఉంది. అంత భద్రమైన ఫోన్ జిల్లాలో ఇంకొకటి లేదు. బయలుదేరే హడావుడిలో ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

కారెక్కే ముందు సకీనా అంకిత చెయ్యి పట్టుకుంది.

"అందరికి ఆయన ఉన్నడు బిడ్డా. ఆయనకు ఎవలున్నరు? నువ్వు సూసుకో."

విమానం పొద్దున ఎనిమిదింటికి లేచింది. ఎనిమిదింటికి మజహర్ భాయ్ కూడా లేచాడు. ఆ రోజు కుట్టు వంకర పోవడం కాదు, అసలు కుట్టే లేదు. అన్నం డబ్బా అలాగే ఉంది. గడప దగ్గర నిలబడి, లోపలికి వచ్చి నిలబడి, మళ్లీ గడప దగ్గర నిలబడ్డాడు. జిద్దా నాలుగు వేల కిలోమీటర్లని అంకిత ఎప్పుడో చెప్పింది. ఆ నాలుగు వేలూ ఆయన దుకాణంలోనే నడిచేలా ఉన్నాడు.

అంకిత తనకు తోచిన వైద్యం మొదలుపెట్టింది. పోయి, ముఖం గంభీరంగా పెట్టి, జిద్దాకు ఎనిమిది గంటలు చాచా, నాలుగింటిదాకా బుగులు పడకండ్రి అన్నది. మజహర్ భాయ్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఆయనకు అర్థమైపోయింది.

"నేనేసిన ముడి నాకే ఏస్తున్నవా బిడ్డా?"

అంకిత తల దించుకొని వెనక్కి వచ్చింది. ఇరవై ఏళ్లు మందు నూరినవాడికి ఆ మందు పనిచెయ్యదు. ఏదీ తెలియనివాళ్లకే రెండు గంటల సుఖం. అన్నీ తెలిసిన మనిషికి ఆరు గంటలంటే ఆరే.

రెండయింది. అంకిత కంప్యూటరులో చూస్తే విమానం దిగిందని ఉంది. పరుగెత్తి చెప్పింది. మజహర్ భాయ్ ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చి, వెంటనే పోయింది.

"విమానం దిగింది సరే," అన్నాడు. "సకీనా దిగిందని అండ్ల ఉన్నదా?"

అలా అందులో ఉండదు. రెండున్నర అయింది. సకీనా ఫోన్ బంద్ ఉన్నదంటోంది. ఫౌజియా మొగుడి ఫోన్ అక్కడ ఇంకా పలకడం లేదు. మూడయింది. మజహర్ భాయ్ గోడకు చెయ్యి ఆనించాడు. పెదవులు ఎండిపోయాయి, కాళ్లు వణుకుతున్నాయి. ఆయనకు రెండు నెలల కింద డాక్టరు చెప్పిన మాటలు అంకితకు గుర్తొచ్చాయి, బీపీ ఉంది, ఖాళీ కడుపుతో నిలబడొద్దని. ఇప్పుడు పడిపోతే ఏం చెయ్యాలి? సకీనా ఫోన్ చేస్తే ఏం చెప్పాలి? చూసుకో అన్నందుకు ఇదా చూసుకోవడం? కూర్చోండి చాచా అని అంకిత రెండుసార్లు అన్నది. ఆయన వినలేదు.

అప్పుడు మువ్వల చప్పుడు ఆగింది. హన్మవ్వ మిషను ఆపి, ఒక చేత్తో చెరుకురసం గ్లాసు, ఇంకో చేత్తో స్టూలు పట్టుకొని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఏందన్నా గిట్ల వణుకుతున్నవు? జిద్దాకు ఎనిమిది గంటలని నువ్వే చెప్పినవు. ఇంక గంట ఉన్నది."

మజహర్ భాయ్ ఏదో అనబోయాడు. నోటిదాకా వచ్చింది. ఎనిమిది కాదు చెల్లె, ఆరే అని.

హన్మవ్వ గొంతులో అనుమానం మొదలైంది. "ఏమన్న, నీ లెక్క తప్పా? వచ్చే నెల మా ఆయన సెలవు మీద వస్తున్నడు. ఆరు గంటలని ధైర్నంగ ఉన్న. నాలుగు గంటలు దాటంగనే భయపడాల్నా చెప్పు."

మజహర్ భాయ్ ఆమె వైపు చూశాడు. అంకిత వైపు చూశాడు. నిజం చెబితే ఈ ఒక్క హన్మవ్వే కాదు, బోధన్ నుంచి జక్రాన్‌పల్లిదాకా ఆయన తాడు కట్టిన ప్రతి పెట్టె ఇంట్లో ఆ రెండు గంటలు తిరిగొచ్చి కూర్చుంటాయి.

"లేదు చెల్లె," అన్నాడు చివరికి. "ఎనిమిదే. జిద్దాకు ఎనిమిది గంటలే."

"మరి కూసో."

మజహర్ భాయ్ కూర్చున్నాడు. ఫోన్ రాకముందు ఆయన కూర్చోవడం బోధన్ బస్టాండు చూడటం అదే మొదటిసారి. సూదుల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు, కానీ కూర్చున్నాడు. హన్మవ్వ గ్లాసు చేతికిచ్చి, ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. రసం తాగుతూ తాగుతూ ఆయన ముఖాన ఒక నవ్వు కూడా పెట్టాల్సి వచ్చింది. ఆ గంట ఆయనకు ఎలా గడిచిందో అంకితకు తెలుసు. పక్కనే తనూ స్టూలు వేసుకొని కూర్చుంది. ఇద్దరూ హన్మవ్వ చూడకుండా ఫోన్ వైపు చూశారు, హన్మవ్వ చూసినప్పుడు రోడ్డు వైపు చూశారు.

నాలుగు దాటి అయిదు నిమిషాలకు ఫోన్ మోగింది. సకీనా. సలాం కూడా సరిగ్గా చెప్పకుండా ఉర్దూలో దులపడం మొదలుపెట్టింది. దిగి రెండు గంటలైందట. అర కుట్టేసి ఉంటే ఫోన్ ఎట్లా తీస్తానని. పళ్లతో పీకిందట, ఫౌజియా గాజుతో కోసిందట, మైనపు దారం తెగలేదట. ఏర్‌పోర్టులో ఎవరి దగ్గరా కత్తెర ఉండదట. బయటికొచ్చాక ఒక టాక్సీ డ్రైవరు బ్లేడుతో కోసి ఇచ్చాడట. కుట్టింది ఎవరని ఆ డ్రైవరు అడిగితే సిగ్గుతో చచ్చిపోయిందట.

మజహర్ భాయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వొచ్చింది కూడా. ఏదీ ఆపుకోలేక అలాగే వింటున్నాడు. తిట్లు అయ్యాక సకీనా గొంతు మెత్తబడింది. ఇంకా నిలబడే ఉన్నావా, కాళ్లు నొప్పి పెట్టలేదా అని అడిగింది.

"లేదు. కూసున్న," అన్నాడు ఆయన.

సకీనా వెంటనే ఫోన్ అంకితకు ఇవ్వమన్నది.

"ఏమైంది బిడ్డా ఆయనకు?" అన్నది సకీనా. "ఫోన్ రాకముందే కూసున్నడా? నాకు దాయకు. దవాఖానకు తీస్కపోయిండ్రా?"

అంకిత నవ్వు ఆపుకుంటూ ఏమీ కాలేదని, బాగానే ఉన్నాడని, రసం కూడా తాగాడని చెప్పింది. సకీనా సగమే నమ్మింది. అటు హన్మవ్వ అప్పటికే బండి దగ్గరికి పోయి, సరిగ్గా ఎనిమిది గంటలు, అయిదు నిమిషాలు అటూ ఇటూ అని వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతోంది. మువ్వలు మళ్లీ మోగుతున్నాయి.

రెండు రోజుల తర్వాత సిరికొండ నుంచి ఒకామె అంకిత దుకాణానికి వచ్చింది. తన తండ్రి జిద్దా పోతున్నాడని, ఎన్ని గంటలు పడుతుందని అడిగింది. అంకిత కంప్యూటరు వైపు చూసింది. తర్వాత ఆ మనిషి ముఖం వైపు చూసింది. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

"తొమ్మిది గంటలు పడ్తది అక్కా," అన్నది అంకిత.

పక్క దుకాణంలో కుట్టుమిషను ఆగింది.

"గంట ఎక్కువైంది బిడ్డా," అన్నాడు మజహర్ భాయ్, అక్కడి నుంచే. "ఎనిమిది చాలు. మరీ ఎక్కువ చెప్తే నమ్మరు."